ఈ రాత్రికే పంపమన్నారా?

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. మొదటి జీతంలో కొంత అనాథ పిల్లల సంస్థకు పంపాలనుకుంటున్నానని రాశావు. సంతోషం. కానీ వాళ్లు ఫోనులో "ఈ రాత్రికే పంపండి" అన్నారని కూడా రాశావు చూడు, ఆ మాట దగ్గరే నాకు మనసు గుచ్చుకుంది. లెక్కలు తనిఖీ చేస్తూ ముప్పై ఏళ్లు గడిపినదాన్ని, తొందరపెట్టేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే. పని చేసే సంస్థ రేపు ఇచ్చినా పుచ్చుకుంటుంది.

ముందు సంస్థ పేరు పొల్లు పోకుండా రాసుకో. నేనూ ఒకసారి మోసపోయాను. రసీదు మీద గుండ్రటి ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. తర్వాత వెతికితే ఆ నంబరు నిజమైనదే, కాకపోతే ఇంకో సంస్థది. పేరులో ఒక్క మాట తేడా! నా డబ్బు చేరింది ఎవరో ఒకాయన సొంత ఖాతాకు. పంపే ముందు ఆ పేరు ఫోను తెరమీద కనిపించింది కూడా, చదవకుండా నొక్కేశాను. అందుకే ఖాతా ఎవరి పేరున ఉందో చూడు. రిజిస్ట్రేషన్ నంబరును వాళ్లు పంపిన లింకులో కాక ప్రభుత్వ జాబితాలో నువ్వే వెతుకు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఛారిటీ కమిషన్, అమెరికాలో, భారతదేశంలో పన్నుల శాఖలు ఇలాంటి జాబితాలను అందరికీ అందుబాటులో ఉంచాయి.

జాబితాలో పేరు కనిపించగానే పని అయిపోయిందనుకోకు. 2015లో అమెరికాలో వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 50 రాష్ట్రాలూ కలిసి, కేన్సర్ రోగుల పేరు చెప్పుకుని నడిచిన నాలుగు సంస్థలపై కేసు వేశాయి. అవి పన్ను మినహాయింపు ఉన్న సంస్థలే. 2008 నుంచి 2012 దాకా 18.7 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయని, అందులో ఎక్కువ భాగం నిర్వాహకులకు, వాళ్ల బంధుమిత్రులకు, చందాలు వసూలు చేసే కంపెనీలకు పోయిందని అభియోగం. ఇందులో నా వృత్తికి తగిలిన సంగతి ఒకటుంది. విదేశాలకు పంపిన సరుకులకు పెద్ద విలువ కట్టి లెక్కల్లో చేర్చారట. దాంతో సేవ కొండంతా, సొంత ఖర్చు గోరంతా కనిపించింది. కాబట్టి ఆడిట్ అయిన లెక్కలు తెప్పించుకున్నప్పుడు నగదు ఎంత, వస్తువుల విలువ ఎంత అన్నది విడదీసి చూడు. "ఇతర ఖర్చులు" అన్న వరుస పెద్దదిగా ఉంటే అందులో ఏమున్నాయో అడుగు.

అలాగని జీతాలకూ అద్దెకూ ఖర్చు పెట్టారని ఎవరినీ దొంగలుగా చూడకు. పిల్లలను కనిపెట్టుకుని ఉండే మనిషికి జీతం ఇవ్వకుండా ఎలా? నిర్వహణ ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థను తూచవద్దని 2013లో అమెరికాలో సేవా సంస్థల పనితీరును పరిశీలించే మూడు సంస్థలే దాతలకు బహిరంగ లేఖ రాశాయి. సున్నా ఖర్చు అని చెప్పుకునేవాళ్లను చూస్తేనే నాకు భయం.

ఇక నువ్వే ఫోను చెయ్యి, నీకు ఫోను వచ్చిన నంబరుకు కాదు, నువ్వే విడిగా వెతికి పట్టుకున్న దానికి. పోయిన ఏడాది ఎంతమంది పిల్లలున్నారు, వాళ్లలో బడికి వెళ్లేవాళ్లెందరు, కార్యవర్గంలో ఎవరెవరున్నారు అని అడుగు. అసలు పని చేసేవాళ్లు అంకెలతో మొదలుపెట్టి కబుర్లలోకి వెళ్లిపోతారు, ఒక్కోసారి ఆపడం కష్టం. ఫొటోలు మాత్రమే పంపి, "మా మీద నమ్మకం లేదా అమ్మా" అని నొచ్చుకుంటే అక్కడితో వదిలెయ్యి. నగదు, గిఫ్టు కార్డులు అడిగితే ఇంకేమీ చూడనక్కర్లేదు.

అన్నీ సరిపోయినా మొదట కొంచెమే పంపు. రసీదు వచ్చాక, అందులోని పేరు సరిపోయాక మిగతాది.

వాళ్లు లెక్కలు పంపితే నాకూ ఒక ప్రతి పంపు. రాత్రి ఏడు దాటాక ఫోను చెయ్యి, అప్పటికి నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో దొరికి ఉంటుంది.

ఇట్లు,
అత్తయ్య