అమ్మతో హర్ కీ దూన్ నడవగలమా?

వనపర్తి నుంచి మీరు అడిగింది ఇది: అమ్మగారికి యాభై ఆరేళ్ళు, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటారు, భారత కాలక్షేపంలో విన్న స్వర్గారోహిణి శిఖరాన్ని కళ్ళారా చూడాలని ఆమె కోరిక, మంచుకొండల్లో ఎన్నడూ నడవలేదు, ఆ శిఖరం కనబడే హర్ కీ దూన్ లోయకు తీసుకువెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. నేను మా చిన్నమ్మతో అక్టోబరులో వెళ్ళివచ్చాను. ఆమెదీ దాదాపు ఆ వయసే. దేవరకొండ దగ్గర పల్లెలో పొలం చేసుకునే మనిషి. ఆ అనుభవంతో ఒకే ఒక్క షరతు పెడతాను: ఎవరైనా మీకు ఇచ్చే ప్రయాణ పట్టికకు మరో రెండు రాత్రులు కలపండి. మన మెట్ట ప్రాంతపు మనుషులకు ఎక్కే సత్తువ ఉంటుంది. ఇబ్బందంతా ఆ సత్తువతో గబగబా ఎక్కేయడం వల్లనే వస్తుంది.

హర్ కీ దూన్ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్న లోయ. తిరుపతి నుంచి నిజాముద్దీన్ వెళ్ళే సంపర్క్ క్రాంతి మీ మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. ఢిల్లీ నుంచి డెహ్రాడూన్, అక్కడ ఉదయాన్నే బస్సో జీపో పట్టుకుంటే ముస్సోరీ, పురోలా, మోరీ, నెట్వార్ మీదుగా సాయంత్రానికి సాంక్రీ చేరతారు. సుమారు రెండు వందల కిలోమీటర్లే అయినా పగలంతా పడుతుంది, దారంతా మలుపులే. వాంతుల మాత్ర అమ్మగారికి ముందే వేయండి. నెట్వార్‌లో అటవీ శాఖ వారి దగ్గర అనుమతి రుసుము కడతారు. రూపిన్, సూపిన్ నదులు కలిసి టోన్స్‌గా మారేది అక్కడే. ఆ పైన మీరు నడిచేదంతా సూపిన్ లోయ వెంబడే.

సాంక్రీ ఎత్తు సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు కాస్త తక్కువ. జీపులో తాలూకా ఊరికి వెళ్ళి, అక్కడినుంచి నది పక్కనే దేవదారు, అక్రోటు చెట్ల నీడన గంగాడ్ దాటి ఓస్లా దగ్గరికి నడవాలి. ఓస్లా చేరేసరికి రెండున్నర వేల మీటర్లు దాటుతుంది. మర్నాడు ఏటవాలు పొలాల మీదుగా కల్‌కత్తీధార్ అనే గడ్డి గుట్ట ఎక్కి, ఆ తర్వాత భూర్జ వృక్షాల మధ్య నుంచి లోయ చివర ఉన్న విశ్రాంతి గృహానికి చేరతారు. అక్కడ ఎత్తు 3,500 మీటర్ల పైనే. ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది.

చాలామంది ఓస్లా నుంచి లోయ చివరకు ఒక్క పగటిలో నడిచి ఆ రాత్రి అక్కడే పడుకుంటారు. పడుకునే చోటు ఒక్కసారిగా వెయ్యి మీటర్లు పైకి జరిగినట్లు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రికి ఐదు వందల మీటర్లకు మించి పైకి జరగవద్దన్నది పర్వత వైద్యులు సాధారణంగా చెప్పే మాట. అందుకే ఆ రెండు అదనపు రాత్రులు: ఒకటి సాంక్రీలో ఊరికే ఉండటానికి, ఇంకొకటి కల్‌కత్తీధార్ దగ్గర గుడారంలో. ఒక రాత్రికే వీలుంటే సాంక్రీది వదులుకోండి, గుడారంలో రాత్రిని మాత్రం వదులుకోకండి.

నడక వేగం గురించి మా గైడు చేసిన పని మీకు తప్పకుండా చెప్పాలి. చిన్నమ్మ మొదటిరోజు అందరికన్నా ముందు పోతుంటే ఆయన ఆమెను తన వెనకాలే నడిపించుకున్నాడు. పాండవుల కథ చెప్పమని అడిగాడు. ఆమె తనకు వచ్చిన హిందీలో ద్రౌపది పడిపోయింది, సహదేవుడు పడిపోయాడు అంటూ మహాప్రస్థానం మొదలుపెట్టింది. ఊపిరి అందక కథ ఆగినప్పుడల్లా ఆయన కూడా ఆగేవాడు. మళ్ళీ మాట సాఫీగా వచ్చాకే అడుగు వేసేవాడు. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. మీరు కూడా అమ్మగారిని మాట్లాడిస్తూ నడిపించండి. సాంక్రీలో గైడును మాట్లాడుకునేటప్పుడు డబ్బు కన్నా ముందు అతని ఓపికను చూడండి.

స్వర్గారోహిణి 6,252 మీటర్ల శిఖరం. ధర్మరాజు కుక్కను వెంటబెట్టుకుని నడిచిన దారి ఇదేనని ఆ లోయవారు చెబుతారు. బద్రీనాథ్ పైన సతోపంథ్ దారికీ ఇదే కథ ఉంది, అమ్మగారికి ముందే చెప్పండి. ఓస్లాలో చెక్కతో కట్టిన పాత గుడి ఉంది. దుర్యోధనుడి గుడి అని బయట ప్రచారం, లోపల ఉన్నది సోమేశ్వరుడని ఊరివారి మాట. వారిని అడిగాకే దగ్గరికి వెళ్ళండి, ఫోటోలు తీయండి. ఆ ఊరి పొలాలు శరదృతువులో ఎర్రగా మెరుస్తుంటాయి. అది తోటకూర జాతి పంట, గింజల కోసం వేస్తారు. చిన్నమ్మ ఒక కంకి అరచేతిలో నలిపి, ఊది, ఆవాల కన్నా సన్నటి గింజలను వేలితో లెక్కపెట్టబోయింది. ఆ ఇంటావిడ నవ్వి లోపలికి పిలిచి రొట్టె పెట్టింది. ఒకరి భాష ఒకరికి సరిగా రాకపోయినా పంటల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మీ అమ్మగారికి వ్యవసాయం తెలిసి ఉంటే ఓస్లాలో ఒక పూట మిగుల్చుకోండి.

పైన బస గురించి. అటవీ శాఖ విశ్రాంతి గృహం, గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్ (అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ) వారి వసతి ఉన్నాయి. తెరిచి ఉన్నాయో లేదో సాంక్రీలోనే కనుక్కోండి, గుడారం ఎలాగూ వెంట ఉండాలి. మేమున్న గదిలో చెక్క మంచాలు, రగ్గులు తప్ప ఏమీ లేవు. సూర్యుడు కొండ చాటుకు పోయిన క్షణం నుంచి చలి మొదలవుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క, మన ఊరికీ దానికీ మూడు వేల మీటర్లకు పైగా తేడా. స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి మూత బిగించి, ఉన్ని మేజోడు తొడిగి నిద్ర సంచిలో కాళ్ళ దగ్గర పెట్టండి. ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు. నూలు బనియన్లు చెమటకు తడిసి ఆరవు, వాటిని ఇంట్లోనే ఉంచేయండి. నీళ్ళు అక్కడ 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. వంటవాడి దగ్గర కుక్కర్ ఉందో లేదో అడగండి. పల్లీల పొడి, కరివేపాకు పొడి, ఎండు జొన్నరొట్టెలు తీసుకువెళ్ళండి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, నాలుకకు తెలిసిన రుచి ఉంటేనే నాలుగు ముద్దలు దిగుతాయి.

సాధనకు ఖిల్లా ఘనపురం, పానగల్ కోటలు మీకు దగ్గరే. రెండు నెలల ముందు నుంచి, కొత్త బూట్లతో, వీపున బరువుతో ఎక్కండి. దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. నల్లమలలో సలేశ్వరం జాతరకు పోతే ముందు లోయలోకి దిగి, తర్వాత ఎక్కి వస్తాం. ఇక్కడ దిగుడు చివర్లో వస్తుంది, అప్పటికే అలసిన మోకాళ్ళ మీద పడుతుంది. చేతికర్రలు రెండు ఉండాలి. సామాను కంచరగాడిదకు అప్పగించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

రక్తపోటు సంగతి డాక్టరుతో తేల్చుకోకుండా టికెట్లు కొనవద్దు. ఎత్తులో ప్రాణవాయువు చాలక వచ్చే జబ్బుకు ఇచ్చే ఎసిటాజోలమైడ్ మాత్ర మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది. రక్తపోటు మాత్రల్లోనూ కొన్ని అలాంటివే ఉంటాయి. రెండూ కలిపి వాడవచ్చా అన్నది, ఎసిటాజోలమైడ్ సల్ఫా జాతి మందు కాబట్టి ఆమెకు సల్ఫా మందులు పడతాయా అన్నది డాక్టరు చెప్పాలి. పైన తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం కనిపిస్తే ఇంకా పైకి వెళ్ళకండి. నడకలో తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా రాత్రి అని చూడకుండా కిందికి దించేయాలి. ఈ మాట గైడుకు మొదటిరోజే చెప్పి ఒప్పించుకోండి.

కాలం విషయానికి వస్తే జులై, ఆగస్టు వద్దు. వానలకు కొండచరియలు విరిగి దారులు మూతపడతాయి. మే నెలలో మంచు మిగిలి ఉండవచ్చు, అమ్మగారికి జారుడు కష్టం. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మూడోవారం దాకా ఆకాశం శుభ్రంగా ఉంటుంది, శిఖరం కనబడే అవకాశం ఎక్కువ. దసరా సెలవుల్లో రైళ్ళు నిండిపోతాయి కాబట్టి రిజర్వేషన్ మొదలైన రోజే చేయించండి.