నీ ఫోటో పెట్టే ముందు, పక్కవాళ్ల ఫోటో మీద రాసే ముందు

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టావు, లైకులు బానే వస్తున్నాయి, అందరూ సూపర్ అంటున్నారు, ఒకాయన మాత్రం "కంపోజిషన్ వీక్" అని, అంటే ఫ్రేమ్‌లో అమరిక బాలేదని, రెండు ముక్కలు రాసి పోయాడు, అది చదివినప్పట్నుంచీ మనసు బాలేదు, ఇప్పుడేం చెయ్యాలి బాబాయ్ అని అడిగావు. నేను చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, ఫోటోలు పెట్టడం, పక్కవాళ్ల వాటి మీద రాయడం, నా వాటి మీద వాళ్లు రాసింది చదువుకోవడం. తెలిసింది చెప్తా, కొంచెం పొడుగైపోతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి. సూపర్ అన్నవాళ్లూ నీకేం చెప్పలేదు, వీక్ అన్నాయనా ఏం చెప్పలేదు. ఒకటి వినడానికి బావుంది ఇంకోటి బాలేదు, అంతే తేడా. ఎక్కడ వీక్, దేనివల్ల వీక్, ఏం మార్చి ఉంటే బావుండేది, ఇందులో ఒక్కటి కూడా లేకపోతే దాని గురించి బాధపడ్డానికి కూడా అందులో సరుకు లేదు. కావాలంటే "ఎక్కడ అనిపించిందండీ, కాస్త చెప్తారా" అని మర్యాదగా అడుగు, చాలామంది అడిగితే చెప్తారు. చెప్పకపోతే వదిలెయ్.

ఇప్పుడు అసలు విషయం. నేర్చుకోవాలని నిజంగా ఉంటే నీ ఫోటో కింద కామెంట్ల కోసం ఎదురుచూడ్డం తగ్గించి వేరేవాళ్ల ఫోటోల మీద రాయడం మొదలుపెట్టు. నేను గట్టిగా నమ్మేది ఇదే. నీ ఫోటోని నువ్వు సరిగ్గా చూడలేవు, ఎందుకంటే దాంతో పాటు ఆ పొద్దున చలీ, ఆ ఎదురుచూపూ, క్లిక్ పడ్డప్పుడు వచ్చిన సంతోషం అన్నీ నీకు గుర్తొస్తాయి, అవేవీ ఫ్రేమ్‌లో ఉండవు. ముక్కూమొహం తెలియని మనిషి ఫోటో అయితే ఫ్రేమ్‌లో ఉన్నదే కనబడుతుంది. పైగా బావుంది అనుకుని పైకి జరిపెయ్యడం వేరు, ఎందుకు బావుందో నాలుగు వాక్యాలు రాయాల్సి రావడం వేరు. రాయాలంటే చూడాలి, చూడాలంటే ఆగాలి.

ఎలా చూడాలో చెప్తా. ఫోటో తెరిచాక టైటిల్ చదవకు, కింద వేరేవాళ్లు ఏం రాశారో అస్సలు చదవకు. ఫోన్‌లో చిన్నగా ఉన్నప్పుడు అన్ని ఫోటోలూ షార్ప్‌గానే కనబడతాయి కాబట్టి వీలైతే పెద్ద స్క్రీన్ మీద చూడు. మొట్టమొదట కన్ను ఎక్కడికి పోయింది, తర్వాత ఎక్కడికి పోయింది, ఎక్కడ ఇరుక్కుంది, అది గమనించు. ఆ తర్వాత నాలుగు అంచుల వెంటా నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రా. తీసేటప్పుడు మనందరం మధ్యలో ఉన్న మనిషినే చూస్తూ ఉంటాం, కాబట్టి గొడవలన్నీ అంచుల్లోనే ఉంటాయి, సగం తెగిన పాదం, ఎక్కణ్ణుంచో పొడుచుకొచ్చిన కొమ్మ, మూలలో తెల్లగా మెరిసే ముక్క. తల వెనక నుంచి స్తంభం మొలిచినట్టు ఉండటం కూడా ఇలాంటిదే, తీసేవాళ్లు అరడుగు పక్కకి జరిగి ఉంటే పోయేది. ఇంకో కిటుకు, ఫోటోని బాగా చిన్నగా చేసి చూడు, లేదా అద్దంలో లాగా కుడిఎడమలు తిప్పి చూడు. అలవాటైన బొమ్మ కొత్తగా కనబడి బరువు ఎటువైపు ఒరిగిందో ఇట్టే తెలిసిపోతుంది. ఇది నీ సొంత ఫోటోలకి ఇంకా బాగా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తా. కిటికీ పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్న ఒక తాతగారి ఫోటో ఎవరో పెట్టారనుకో. "బ్యాక్‌గ్రౌండ్ బాలేదు" అని రాస్తే ఆ మనిషి ఏం చేసుకుంటాడు? అదే ఇలా రాశావనుకో: "ముందు కన్ను తాతగారి ఎడమ కంటి మీదకి పోయింది, అక్కడ కిటికీ వెలుగు చిన్న చుక్కలా మెరుస్తోంది, ఫోకస్ కూడా సరిగ్గా అక్కడే పడింది, చాలా బావుంది. అక్కణ్ణుంచి చేతుల దగ్గరికి దిగుదామంటే కుడివైపు పైమూల ఉన్న తెల్ల తలుపు లాగేస్తోంది, ఫ్రేమ్ మొత్తంలో అన్నిటికన్నా వెలుగ్గా ఉన్నది అదే. గ్లాసు పట్టుకున్న వేళ్లు కింద అంచు దగ్గర తెగిపోయాయి, కెమెరా ఇంకొంచెం కిందికి వంచి ఉంటే పూర్తిగా వచ్చేవి. తలుపుని ఎడిట్‌లో కాస్త డార్క్ చేసి చూడండి." ఇది రాయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. కానీ ఆయనకి ఏది అలాగే ఉంచుకోవాలో తెలిసింది, ఇప్పుడు సరిచేసుకోగలిగింది ఏదో తెలిసింది, ఈసారి తీసేటప్పుడు చూసుకోవాల్సింది ఏదో తెలిసింది. నీకేమో నీ తర్వాతి ఫోటోలో వేళ్లు తెగకుండా చూసుకోవాలన్న ధ్యాస వచ్చేసింది, అది ఉచితంగా.

బావున్నది కూడా చెప్పమనేది మొహమాటానికి కాదు. ఏది కుదిరిందో తెలియకపోతే మనుషులు దాన్నే మార్చేస్తారు, ఆ కంటిలో వెలుగు బావుందని ఎవరూ చెప్పకపోతే రేపు ఆయన ఫ్లాష్ వాడి అదే పోగొట్టుకుంటాడు.

రూల్స్ గురించి ఒకటి చెప్పాలి. రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేమ్‌ని అడ్డంగా నిలువుగా మూడేసి భాగాలు చేసి ఆ గీతల మీద ముఖ్యమైనది పెట్టడం), హొరైజన్ ఒరగకుండా ఉండాలి, సబ్జెక్ట్ షార్ప్‌గా ఉండాలి, ఇవన్నీ నేర్చుకో, కానీ వాటితో ఫోటోని కొలిచేసి తీర్పు చెప్పకు. ఫోటోలు పెట్టుకునే సైట్ ఫ్లికర్ 2004లో మొదలైంది కదా, దాంట్లో డిలీట్‌మీ అని ఒక గ్రూప్ ఉండేది, ఫోటో వేస్తే ఉంచాలా తీసెయ్యాలా అని మెంబర్లు ఓట్లు వేసేవాళ్లు. ఒకతను అందులో పేరుమోసిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ అన్రీ కార్టియె-బ్రెసాన్ 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్‌లో తీసిన ఫోటో పెట్టాడు, పైనుంచి చూస్తుంటే మెలికలు తిరిగిన మెట్లు, ఆ మెట్ల వంపు చివర వీధిలో దూసుకుపోతున్న సైకిల్ మనిషి, అతను మసగ్గా ఉంటాడు, మెట్లు కదలకుండా ఉంటాయి. ఎవరు తీశారో తెలియక సభ్యులు బ్లర్ అయింది, షార్ప్‌గా లేదు అని తీసెయ్యమని ఓట్లేశారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు, చూడకముందే కొలబద్ద తీశారు అంతే. ఆ మసకే లేకపోతే ఆ సైకిల్ అక్కడ ఆగిపోయినట్టు ఉండేది, ఆ మెట్ల చుట్టంతా కలిసి అతన్ని బయటికి విసిరేసినట్టు అనిపించేది కాదు. కాబట్టి ఏదన్నా రూల్ తప్పినట్టు కనబడితే, ఇది తప్పినందువల్ల ఫోటోకి మేలు జరిగిందా చెడు జరిగిందా అని ఒక్కసారి అడిగి అప్పుడు రాయి.

ఇక నువ్వు పెట్టేటప్పుడు. ఒకేసారి పది ఫోటోలు గుమ్మరించకు, పదీ చూసే ఓపిక ఎవరికీ ఉండదు, ఒక్కటి పెట్టు. నువ్వు ఏం చూపిద్దామనుకున్నావో ఒక వాక్యం రాయి, దేని మీద అనుమానం ఉందో ఇంకో వాక్యం రాయి. "ఎలా ఉంది" అని అడిగితే బావుంది అనే వస్తుంది. "పాప పరుగు కనబడాలనుకున్నా, మరీ మసకైపోయిందా" అని అడిగితే దానికే జవాబొస్తుంది. లెన్స్, షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంది), ఐఎస్ఓ (వెలుగుకి ఎంత సున్నితంగా పెట్టావు) కూడా రాయి, గొప్పకి కాదు, అవి లేకపోతే చూసేవాళ్లు గుడ్డిగా చెప్పాలి. ఈ మసక సంగతే తీసుకో, ఇది మూడు రకాలుగా వస్తుంది. చెయ్యి కదిలితే ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ ఒకే వైపుకి సాగినట్టు ఉంటాయి. పాప కదిలితే వెనక గోడ శుభ్రంగా ఉండి పాప ఒక్కతే సాగుతుంది. ఫోకస్ తప్పితే పాప మెత్తగా ఉండి ఆమె ముందో వెనకో ఇంకేదో కత్తిలా ఉంటుంది. మూడింటికీ మందు వేరు, చెయ్యి కదిలితే లెన్స్ ఎంతో అంతకన్నా వేగంగా షట్టర్ పెట్టాలి, అంటే 200 ఎంఎం లెన్స్ అయితే కనీసం సెకనులో 1/200 వంతు, చిన్న సెన్సర్ కెమెరా అయితే ఇంకాస్త ఎక్కువ. స్టెబిలైజేషన్ ఉంటే కొంత తగ్గించొచ్చు గానీ అది నీ చెయ్యి వణుకునే ఆపుతుంది, పాప పరుగుని ఆపదు. పాప కోసం 1/500 దాకా పోవాలి. ఈ వివరాలు నువ్వు రాస్తే తెలిసినవాళ్లు ఒక్క చూపులో చెప్పేస్తారు.

టెక్నికల్‌గా ఇంకో రెండు ముక్కలు గబగబా. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీలో, అంటే వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతిలో, చెయ్యి, అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే చాలా చోట్ల రంగులు పాలిపోయి కనబడతాయి, జనం నీ ఎడిటింగ్‌ని తిడతారు. సైజు తగ్గించాక షార్పెనింగ్ చెయ్యి, ముందు కాదు. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టుకుని ఎడిట్ చెయ్యకు, నీకు సరిపోయిందనిపించింది మిగతా వాళ్లకి చీకటిగా ఉంటుంది, హిస్టోగ్రామ్ కూడా, అంటే వెలుగు చీకట్లు ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్, చూసుకో. యాప్ కోసం ఫ్రేమ్ కోసెయ్యకు, ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చినప్పుడు చదరపు ఫోటోలే పట్టేవి, 2015లో గానీ అడ్డం నిలువు ఫోటోలకి చోటివ్వలేదు, అలాంటి కొలతలు వస్తుంటాయి పోతుంటాయి, సలహా అడిగేటప్పుడు నువ్వు చూసిన ఫ్రేమే పెట్టు.

పెట్టాక వచ్చే మాటల సంగతి. మొదటి రోజు థాంక్స్ తప్ప ఏం రాయకు. చెయ్యి ఊరుకోదు, "ట్రైపాడ్ లేదండీ, వాన పడుతోంది, అక్కడ నిలబడ్డానికి జాగా లేదు" అని రాయాలనిపిస్తుంది, కానీ ఫోటో చూసేవాళ్లందరికీ పక్కన నిలబడి నువ్వు ఇది వివరించలేవు కదా. రెండు రోజులాగి మళ్లీ చదువు. ఒక్కళ్లే అన్నది వాళ్ల రుచి అయ్యుండొచ్చు, ఒకళ్లకొకళ్లు సంబంధం లేని ముగ్గురు ఒకే చోట వేలు పెడితే మాత్రం అక్కడ ఏదో ఉంది. అయితే వాళ్లు చెప్పిన మందు కూడా సరైనదే అనుకోకు. ఎడమవైపు కోసెయ్ అన్నారనుకో, నిజంగా కోయాలో లేక అక్కడున్న వెలుగు ముక్క వల్ల వాళ్లకి అలా అనిపించిందో చూడు, దాన్ని తగ్గిస్తే సరిపోవచ్చు, కోస్తే ఖాళీ పోయి ఫోటో ఊపిరాడకుండా అయిపోవచ్చు. నొప్పి ఎక్కడో వాళ్లు చెప్తారు, ఏం చెయ్యాలో నువ్వు తేల్చుకోవాలి.

రా ఫైల్, అంటే కెమెరా ఏం మార్చకుండా దాచిన అసలు ఫైల్, ఎప్పుడూ పారెయ్యకు. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అక్కడి న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రుడు వచ్చిన ఫోటో తీశాడు, ఆ ఒక్క నెగెటివ్ నుంచి 1,300కి పైగా ప్రింట్లు వేశాడు, మొదట్లో వేసిన వాటిలో ఆకాశం లేతగా మబ్బు చారలతో ఉంటుంది, తర్వాత్తర్వాత వేసిన వాటిలో దాదాపు నల్లగా ఉంటుంది. ఫోటో అదే, ఆయన దాన్ని చూసే తీరు ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది. నువ్వూ సలహాలు విన్నాక అదే ఫైల్ మళ్లీ తెరువు, కొత్తగా ఎడిట్ చేసి పాతదాని పక్కన పెట్టి చూపించు, సలహా చెప్పినవాళ్లకి అంతకన్నా తృప్తి ఇంకోటుండదు, ఈసారి నీ ఫోటో దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగుతారు.

ఎవరి మాట వినాలి అంటావా, వాళ్ల ఫోటోలు చూడు, కానీ అదొక్కటే కొలత అనుకోకు, అంత గొప్పగా తియ్యలేని మనుషులు కూడా అద్భుతంగా చూడగలరు. కెమెరా జన్మలో పట్టుకోని వాళ్లకి కూడా చూపించు, "ఈ మూలనున్నాయన ఎవరు" అని వాళ్లు అడిగిన ఒక్క ప్రశ్నతో నీకు అర్థమైపోతుంది ఎవరు దారి తప్పిస్తున్నారో. కెమెరా ఏది అని మాత్రమే అడిగేవాళ్లతో వాదన పెట్టుకోకు. నా ఫోటోకి లైక్ కొట్టు నీకూ కొడతా అనే బేరాలు కూడా వద్దు, వాటివల్ల నంబరు పెరుగుతుంది తప్ప చూపు పెరగదు, మెల్లగా నిజం చెప్పడానికి మొహమాటం కూడా మొదలవుతుంది.

కొన్ని పద్ధతులున్నాయి, వీటిలో నేను గట్టిగా ఉంటా. వాళ్లు సరే అంటే తప్ప ఇంకొకళ్ల ఫోటో ఎడిట్ చేసి పెట్టకు, ఫోటో తీసినవాళ్లది. నీ ఫోటో ఎవరైనా ఎడిట్ చేసి చూపించొచ్చు అనుకుంటే పెట్టేటప్పుడే ఆ మాట రాసెయ్. ఫ్రేమ్‌లోంచి ఏదైనా తీసేసినా, ఆకాశం మార్చినా, ఏఐతో ఏదన్నా కలిపినా దాచకు, లేకపోతే వాళ్లు లేనిదాని మీద కూర్చుని నీకు సలహాలిస్తారు, వాళ్ల టైమూ వృథా నీ నేర్చుకోవడమూ వృథా. పిల్లల ఫోటోలు పెద్దవాళ్లని అడక్కుండా పెట్టకు. పక్షి గూటి దగ్గర తీసినవైతే అసలు నా మాట విని పెట్టకు, దగ్గరికి పోతే తల్లిపక్షి గూడు వదిలేసి పోయే ప్రమాదం ఉంది, నీది చూసి ఇంకో పదిమంది బయల్దేరతారు. మామూలు పక్షి ఫోటో అయినా అరుదైనదైతే ఫైల్‌లో ఉండే లొకేషన్ తీసేసి పెట్టు, ఫోన్ ఫోటోల్లో అది తెలియకుండానే ఉండిపోతుంది.

ఇక మొదలుపెట్టు. నువ్వు తీసేలాంటివే, అంటే మనుషులు, వీధులు తీసే వాళ్ల ఫోటోలు కొన్ని ఎంచుకో, బాగా పేరున్నవాళ్లవి కాకుండా ఒక్క కామెంట్ కూడా రానివి చూసి ఎంచుకో, వాళ్లకి నీ మాట అవసరం. రాసినవి పోస్ట్ చేసే ముందు ఒకట్రెండు నాకు పంపు, ఫోటో కూడా జత చెయ్యి, నేను ఫోటో ముందు చూసుకుని తర్వాత నువ్వు రాసింది చదువుతా, నాకు కనబడ్డది నీకు కనబళ్లేదో, నీకు కనబడ్డది నాకు కనబళ్లేదో కాల్ చేసి మాట్లాడుకుందాం. ఆదివారం పొద్దున నేను ఖాళీనే.

నీ బాబాయ్