నంబర్ ప్లేట్లలాంటి పేర్లు

అమ్మడూ,

"ఈ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లో పేర్లన్నీ బండి నంబర్ ప్లేట్లలా ఉన్నాయి మావయ్యా" అని నిన్న ఫోన్లో విసుక్కున్నావు. అప్పుడు నవ్వేశాను గానీ, ఆ పోలిక నువ్వనుకున్నదానికంటే బాగా కుదిరింది. మా రోజుల్లో ఏపీ 16 కనిపిస్తే చాలు, కృష్ణా జిల్లా బండి అనేవాళ్లం. నువ్వు మెయిన్‌ఫ్రేమ్‌కి అప్పజెప్పే పని, అంటే జాబ్, దాని పేరు కూడా అలాగే పనిచేయాలి. అర్ధరాత్రి రెండింటికి అది అబెండైతే, అంటే మధ్యలో తప్పొచ్చి ఆగిపోతే, నిద్రకళ్లతో లేచినవాడికి ఎవరి అప్లికేషనో, బ్యాచో ఆన్‌లైనో పేరు చూడగానే తెలియాలి.

పేర్లకి ఎనిమిది అక్షరాల హద్దు మీ కంపెనీ పెట్టింది కాదు, మెయిన్‌ఫ్రేమ్‌దే. జాబ్ పేరు, లైబ్రరీ మెంబర్, జాబ్‌కి ఆదేశాలు రాసే జేసీఎల్‌లో ఫైలుని చూపించే డీడీ పేరు, ఏదైనా 8 దాటకూడదు. ఆన్‌లైన్ పనులు నడిపే సీఐసీఎస్‌లో ట్రాన్సాక్షన్‌కి మరీ పిసినారితనం, నాలుగే. డేటాసెట్, అంటే ఫైలు, పేరు చుక్కలతో కలిపి 44, చుక్కకీ చుక్కకీ మధ్య మళ్లీ 8. ఒకే ఫైలుని తరాలవారీగా దాచే జీడీజీ అయితే తరం నంబరు, దాని ముందు చుక్క కలిసి 9 తినేస్తాయి, నీకు మిగిలేది 35. ఇంత ఇరుకులో ఒక్క అక్షరం కూడా ఊరికే కూర్చోకూడదు. అందుకే మీ టీమ్ స్టాండర్డ్స్ డాక్యుమెంట్ ఎంత విసుగు పుట్టించినా ఒకసారి పూర్తిగా చదువు.

డేటాసెట్ మొదటి ముక్క దగ్గర ఇంకా జాగ్రత్త. ఎవరు ఏది ముట్టుకోవచ్చో రాక్‌ఎఫ్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ చూసేది చాలావరకు దాన్ని బట్టే. టెస్టుకీ ప్రొడక్షన్‌కీ తేడా చాలాచోట్ల ఒక్క అక్షరమే. పాత జేసీఎల్ కాపీ చేసుకున్నప్పుడు, సబ్మిట్ కొట్టే ముందు ఆ ముక్కని స్క్రీన్ మీద వేలు పెట్టి చదువు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను అలాగే చదువుతాను. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

ప్రోగ్రాం రాసే భాష కోబాల్‌లో మాత్రం పేరుకి 30 అక్షరాలిచ్చారు. అయినా జనం డబ్ల్యూఎస్-టెంప్ అని రాసి ఊరుకుంటారు. 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని నేను వైటూకే పనిలో, అంటే 2000 సంవత్సరం వచ్చేలోపు తేదీలు సరిచేసే పనిలో పడ్డాను. రెండంకెల సంవత్సరం ఎక్కడెక్కడుందో వెతకడమే ఉద్యోగం. పేరులో డేట్, డీటీ, ఇయర్ ఉన్నవన్నీ వెతుకులాటలో ఇట్టే దొరికాయి. ఒక బీమా కంపెనీ ప్రోగ్రాంలో పాలసీ ముగిసే సంవత్సరాన్ని ఎవరో మహానుభావుడు ఎఫ్ఎల్‌డీ-7 అన్న పేరుతో దాచాడు. అది మా వలలో పడలేదు. తేదీ ముందుకు జరిపి టెస్టు చేస్తే, 00 వచ్చి 99 కంటే ముందు నిలబడింది. ఆ ఒక్క ఫీల్డు కోసం మూడు రాత్రులు లిస్టింగ్ కాగితాలు తిరగేశాం. ఆ పేరు పెట్టినాయన అప్పటికే రిటైరయ్యాడట. ఆయన్ని ఎంత తిట్టుకున్నామో అడగకు.

అందుకని ఫీల్డు ముందు అది ఎక్కడిదో తెలియాలి: ప్రోగ్రాం సొంత వర్కింగ్ స్టోరేజ్‌కి డబ్ల్యూఎస్, వేరే ప్రోగ్రాం నుంచి వచ్చే లింకేజ్‌కి ఎల్ఎస్, అలా. తర్వాత అది ఏంటో. ఔనా కాదా చెప్పే ఫ్లాగుకి 'వై', 'ఎన్' పోల్చుకుంటూ పోకు, 88 లెవెల్ పెట్టు, అంటే ఆ విలువకే ఒక పేరు. "ఇఫ్ ఎండ్-ఆఫ్-ఫైల్" అని చదివితే ఇక వివరణ అక్కర్లేదు. ప్రోగ్రాంలో పేరాల పేర్లకి ముందు 1000, 2000 అంకెలు నీకు పాతకాలం వాసనగా అనిపిస్తాయి. వేల లైన్ల లిస్టింగ్‌లో 2300 పేరా పైనుందో కిందుందో వెతకాల్సి వచ్చిన రోజు వాటి రుచి తెలుస్తుంది.

ఇంకొకటి. పాత ప్రోగ్రాంలో నీకు నచ్చని పేర్లు కనిపించాయని అన్నీ మార్చేయకు. చాలా ప్రోగ్రాంలు పంచుకునే కాపీబుక్‌లో ఒక్క పేరు మారిస్తే, దాన్ని వాడే ప్రోగ్రాంలన్నీ తర్వాతి కంపైల్‌లో నీ మీద పడతాయి. పాతదాంట్లో పాత తీరునే నడిపించు, నువ్వు కొత్తగా రాసేదాంట్లో నీ శ్రద్ధ చూపించు.

ఆ కొత్త ప్రోగ్రాంలో ఫ్లాగ్-1 నుంచి ఫ్లాగ్-6 దాకా పెట్టానన్నావు కదా. ఏది ఎందుకో ఒక్కో ముక్కలో రాసి వాట్సాప్ చెయ్యి. ఆదివారం టిఫిన్లయ్యాక ఫోన్ చేస్తాను, ఆరింటికీ కలిసి పేర్లు పెడదాం.

మీ మావయ్య