రాబోయే లాప్‌టాప్ కోసం డిపాజిట్ తీయొచ్చా?

ప్రశ్న: ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తుంటాను. లాప్‌టాప్ కొని ఐదేళ్లయింది, బాగా నెమ్మదించింది. త్వరలో ఒక హైఎండ్ మోడల్ వస్తుందంటున్నారు. డెస్క్‌టాప్‌తో సమానమైన గ్రాఫిక్స్, 20 గంటల బ్యాటరీ, అరంగుళం మందం అట. ఇవన్నీ ఒకే దాంట్లో కుదరవని మా తమ్ముడు వాదిస్తున్నాడు. డిపాజిట్ రద్దు చేసి, తక్కువ పడేది ఈఎంఐలో కట్టాలని ఉంది. మీరేమంటారు?

జవాబు: డిపాజిట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ మోడల్‌కి ఇంకా ధరే చెప్పలేదు. ప్రచారంలో ఉన్న స్పెసిఫికేషన్లు చూసి బడ్జెట్ వేసుకుంటే, రేపు వాటిలో సగమే వచ్చినా మీరు సిద్ధం చేసుకున్న డబ్బు మాత్రం మొత్తం ఖర్చయిపోతుంది.

మీ తమ్ముడి మాటే నాకు నిజమనిపిస్తోంది. బ్యాటరీనే తీసుకోండి. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగల బ్యాటరీకి 100 వాట్‌అవర్ల (ఒక వాటు చొప్పున వంద గంటలు నడిపేంత శక్తి) పరిమితి ఉంది. అందుకే ఎంత ఖరీదైన లాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ 99 దగ్గరే ఆగిపోతుంది. అది 20 గంటలు రావాలంటే మెషీన్ మొత్తం సగటున ఐదు వాట్లతో నడవాలి. బ్రైట్‌నెస్ తగ్గించి సినిమా చూస్తే సాధ్యం కావచ్చు. మీరు 4కే క్లిప్పులు టైమ్‌లైన్ మీద పెట్టి కలర్ సరిచేస్తుంటే కాదు.

గ్రాఫిక్స్ సంగతీ అంతే. 2022లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు 450 వాట్ల దాకా తీసుకుంటుంది, దానికి 24 జీబీ మెమరీ. లాప్‌టాప్‌లో అదే పేరుతో వచ్చినదానికి గరిష్ఠంగా 175 వాట్లు, 16 జీబీ. లోపలి చిప్ కూడా వేరే, చిన్నది. పేరు ఒకటే అయినా వస్తువు ఒకటి కాదు. ఆ 175 వాట్ల వేడి అరంగుళం పెట్టెలోంచి బయటకు పోవాలంటే ఫ్యాన్లకు చోటు కావాలి. కాబట్టి సన్నగా ఉంటే వేగం తగ్గుతుంది, వేగం కావాలంటే బరువు పెరుగుతుంది. ఈ మూడింటిలో మీ పనికి ఏది ముఖ్యమో తేల్చుకోండి.

డబ్బు పెట్టదగ్గ చోటు మాత్రం ఒకటి ఉంది: ర్యామ్, అంటే పని జరుగుతున్నప్పుడు ఫైళ్లను పట్టి ఉంచే మెమరీ. సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి అది బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేం. నా దగ్గరికొచ్చే ఒక ఫొటోగ్రాఫర్ కాస్త డబ్బు మిగులుతుందని తక్కువ ర్యామ్ ఉన్నది కొన్నాడు. పెద్ద ఫైళ్లు తెరిస్తే ఆగిపోతోందని రెండేళ్లకే అమ్మేశాడు. కొన్న ధరలో సగం కూడా చేతికి రాలేదు. స్టోరేజ్ అలా కాదు. మార్చుకునే స్లాట్ ఉందో లేదో చూసుకోండి, ఉంటే ఇప్పుడు తక్కువతో సరిపెట్టుకోవచ్చు.

ఈ వారంలో ఒక పని చేయండి. మీ ప్రాజెక్టుల్లో అన్నిటికన్నా బరువైనది తెరిచి, మెమరీ, డిస్క్ వాడకాన్ని చూపే టాస్క్ మేనేజర్ పక్కన పెట్టుకుని, మామూలుగా పని చేయండి. మెమరీ 95 శాతం దాటి అక్కడే నిలిచిపోయి, డిస్క్ కూడా నిండుగా పరుగెడుతుంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. మెమరీ సగం ఖాళీగా ఉండి, ఫ్యాన్ మోత పెడుతూ వేగం పడిపోతుంటే వేడి సమస్య కావచ్చు. ఐదేళ్ల దుమ్ము తీయించి చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పిస్తే ఇంకో ఏడాది గడిచిపోవచ్చు. కొత్తదాని ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకే రాదు.

మరో మాట. ఎక్స్‌పోర్ట్‌కి పట్టే సమయాన్ని నష్టంగా రాసుకోకండి, అది మీరు నిద్రపోతున్నప్పుడూ అవుతుంది. క్లిప్ కదిపిన ప్రతిసారీ స్క్రీన్ ముందు ఎదురుచూసే సమయమే అసలు నష్టం. వారానికి ఎన్ని గంటలు అలా పోతున్నాయో రాసుకోండి. ఆ గంటల్లో నిజంగా మరో క్లయింట్ పని చేయగలరా? చేయగలిగితే ఆ ఆదాయం ఎన్ని నెలల్లో లాప్‌టాప్ ధరకు సరిపోతుందో చూడండి. ఏడాదిన్నరలోపు వస్తే కొనండి, మొహమాటం అక్కర్లేదు. మూడేళ్లు పడుతుందంటే ఆ మోడల్ మీకు ఎక్కువే.

ఈఎంఐ తీసుకుంటే వారంటీ ముగిసేలోపే కట్టేయగలిగేలా పెట్టుకోండి. వడ్డీ లేదని చెప్పే పథకంలో, మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ పోతోందేమో అడగండి, చాలాసార్లు వడ్డీ అక్కడే దాక్కుంటుంది. డిపాజిట్‌లో మీ ఇంటి ఆరు నెలల ఖర్చు పోగా మిగిలింది ఎంతైతే అంతవరకే వాడండి, అదీ మోడల్ విడుదలై, ఎడిటింగ్ చేసేవాళ్లు దాన్ని నెలరోజులు వాడి చెప్పాక. ఈలోగా ఈఎంఐ ఎంత కట్టాలనుకున్నారో అంత సొమ్ము ఈ నెల నుంచే వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి.