పాఠకుల ప్రశ్నలు: మూడో డివిజన్ నార్విచ్, 1958-59 సీజన్

పోయిన సంచికలో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్‌లో పెద్దా చిన్నా ఫుట్‌బాల్ క్లబ్బులు కలిసి ఆడే, ఓడితే ఇంటికెళ్లే టోర్నీ) గురించి రాస్తూ 1959లో నార్విచ్ సిటీ అనే చిన్న క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌ని 3-0తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లిందని ఒక్క లైన్‌లో అనేసి వదిలేశా, దాని మీద చాలామంది రాశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఆ ఒక్క సీజన్‌కే ఇచ్చేస్తున్నా.

ప్ర: మాంచెస్టర్ యునైటెడ్‌ని 3-0తో ఓడించారని గొప్పగా రాశారు. కానీ మ్యూనిక్ విమాన ప్రమాదంలో యునైటెడ్ ఆటగాళ్లు చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు కదా సార్. సగం టీమ్‌ని ఓడించడంలో గొప్పేముంది? (రాజమండ్రి)

జ: ఈ మాట చాలామంది అంటారు, నేను మాత్రం ఒప్పుకోనండి. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో 8 మంది ఆటగాళ్లు పోయారు, ఆ నష్టం తీరేది కాదు, నిజమే. కానీ ఈ మ్యాచ్ జరిగిన 1959 జనవరి 10 నాటికి యునైటెడ్ లీగ్‌లో వరసగా 8 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీద ఉంది, ఆ సీజన్ చివరికి మొదటి డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ రోజు బాబీ చార్ల్‌టన్ ఉన్నాడు, డెన్నిస్ వయొలెట్ ఉన్నాడు, గోల్‌లో హ్యారీ గ్రెగ్ ఉన్నాడు, 45 వేల పౌండ్లు పోసి కొన్న ఆల్బర్ట్ క్విక్సల్ కూడా ఉన్నాడు. ఇది సగం టీమ్ ఎలా అవుతుంది?

నార్విచ్ సొంత గ్రౌండ్ క్యారో రోడ్ ఆ రోజు మంచుతో గట్టిపడిపోయి ఉంది, కాలు జారుతోంది, అయినా 38 వేల మంది వచ్చారు. అలాంటి పిచ్ మీద అందంగా చిన్న చిన్న పాస్‌లు ఇచ్చుకుంటూ పోదామంటే కుదరదు, నార్విచ్ వాళ్లు బంతి దొరగ్గానే తిన్నగా ముందుకి కొట్టి దాని వెంట పరిగెత్తారు, టెర్రీ బ్లై అనే సెంటర్ ఫార్వర్డ్ యునైటెడ్ డిఫెండర్లని ఒక్క నిమిషం కుదురుగా నిలబడనివ్వలేదు. మొదటి గోల్ అతనిదే. తర్వాత కెనడా నుంచి వచ్చిన ఎరల్ క్రాసన్ ఒకటి, చివర్లో మళ్లీ బ్లై ఇంకొకటి. గాలివాటంగా దొరికిన గెలుపైతే 1-0తో ముగిసేది. ఈ బ్లై ఎక్కడివాడో కూడా కాదు, నార్విచ్ ఉన్న నార్ఫోక్ జిల్లాలోనే పుట్టి పెరిగిన కుర్రాడు.

ప్ర: మూడో డివిజన్ అంటే మన లెక్కలో ఏ స్థాయి? (ఖమ్మం)

జ: పైనుంచి మూడోది. 1958 వరకు ఇంగ్లండ్‌లో మూడో డివిజన్ అంటే ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు. ఆ ఏడాది వాటిని కలిపేసి, ఒక్కో దాంట్లో పై సగంలో నిలిచిన 12 జట్లని కొత్త మూడో డివిజన్‌లోకి, కింది 12ని నాలుగో డివిజన్‌లోకి పంపారు. నార్విచ్ 1957-58లో దక్షిణంలో 8వ స్థానంలో ముగించింది కాబట్టి నాలుగో డివిజన్‌లో పడకుండా బయటపడింది. అంటే మనం చెప్పుకుంటున్నది దేశమంతటికీ కలిపి ఒకే మూడో డివిజన్ పెట్టిన మొట్టమొదటి సీజన్ అన్నమాట.

ప్ర: రెండేళ్ల ముందు క్లబ్ మూతపడబోయిందట, నిజమేనా? (నెల్లూరు)

జ: నిజమేనండి, ఇంచుమించు తలుపులకి తాళం పడేదే. నా దృష్టిలో ఈ కథలో అసలు భాగం ఇదే, అందరూ యునైటెడ్ మ్యాచ్ చెప్పి దీన్ని వదిలేస్తుంటారు.

1956లో క్లబ్ వాళ్లు దాదాపు 9 వేల పౌండ్లు పెట్టి ఫ్లడ్‌లైట్లు వేయించారు. చేతిలో అంత డబ్బు లేదు. రాత్రిపూట మ్యాచ్‌లు పెడితే జనం వస్తారు, టికెట్ల డబ్బులతో అప్పు తీరిపోతుంది అనుకున్నారు. కానీ ఆ సీజన్‌లోనే టీమ్ కుప్పకూలింది, లీగ్‌లో వరసగా 25 మ్యాచ్‌లు గెలుపు మొహం చూడలేదు, ఓడిపోయే టీమ్‌ని చూడ్డానికి చలిలో డబ్బులిచ్చి ఎవరొస్తారు చెప్పండి, జనం తగ్గారు, అప్పు పెరిగింది. సీజన్ చివరికి పట్టికలో అట్టడుగున నిలబడి, మమ్మల్ని లీగ్‌లో ఉండనివ్వండి అని మిగతా క్లబ్బుల ఓట్లు అడుక్కోవాల్సి వచ్చింది. అప్పట్లో రూల్ అది, అడుగున ఉన్న జట్లు మళ్లీ ఎన్నికవ్వాలి. ఓట్లు పడ్డాయి కాబట్టి బతికిపోయారు.

డబ్బు సంగతి ఊరు చూసుకుంది. అప్పటి నార్విచ్ లార్డ్ మేయర్ ఆర్థర్ సౌత్ ముందు నిలబడి చందాల కోసం పిలుపిచ్చారు, జనం ఇచ్చారు. ఊళ్లో వ్యాపారం చేసుకునే జెఫ్రీ వాట్లింగ్ 1957లో చైర్మన్‌గా పగ్గాలు పట్టుకున్నారు, ఒకప్పుడు ఆర్సెనల్‌కి ఆడిన స్కాట్లండ్ ఆటగాడు ఆర్చీ మెకాలే మేనేజర్‌గా వచ్చాడు. మెకాలే వచ్చాక పెద్ద పెద్ద కొనుగోళ్లేం జరగలేదు, ఉన్నవాళ్లలో చాలామందినే సరైన చోట నిలబెట్టాడు. కెప్టెన్ రాన్ ఆష్‌మన్ అప్పటికే పదేళ్లకి పైగా అక్కడే ఆడుతున్నవాడు, గోల్‌కీపర్ కెన్ నెదర్‌కాట్ కూడా అంతే.

ఇప్పుడు ఆ ఫ్లడ్‌లైట్ల దగ్గరికి మళ్లీ వద్దాం. 1959 కప్‌లో నార్విచ్ టాటెన్‌హామ్‌తో, షెఫీల్డ్ యునైటెడ్‌తో రీప్లేలు ఆడింది బుధవారాల్లో, ఆ లైట్ల కిందే, గ్రౌండ్ కిక్కిరిసిపోయేంత జనం మధ్య. క్లబ్‌ని ముంచబోయిన ఆ లైట్లే చివరికి ఇంత జనాన్ని తెచ్చిపెట్టాయి. వాటిని వేయించినవాళ్లది తెలివితక్కువ పని అని అప్పట్లో తిట్టినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు, నేనైతే వాళ్ల ఆలోచన తప్పని అనను, ఆలోచన ముందొచ్చింది, టీమ్ తర్వాతొచ్చింది, అంతే.

ప్ర: రీప్లే అంటే ఏంటి? డ్రా అయితే పెనాల్టీలు వేసుకోవచ్చుగా? (మహబూబ్‌నగర్)

జ: అప్పట్లో కప్‌లో పెనాల్టీ షూటౌట్ లేదండి. డ్రా అయితే కొన్ని రోజుల్లో రెండో టీమ్ గ్రౌండ్‌లో మ్యాచ్ మొత్తం మళ్లీ ఆడాలి. ఆ సీజన్‌లో నార్విచ్ కప్‌లో ఆడింది 11 మ్యాచ్‌లు, అందులో 4 రీప్లేలు.

మొదటి రౌండ్‌లో ఇల్ఫర్డ్ అనే అమెచ్యూర్ టీమ్‌ని 3-1తో, రెండో రౌండ్‌లో స్విండన్‌ని రీప్లేలో 1-0తో దాటారు. యునైటెడ్ తర్వాత నాలుగో రౌండ్‌లో రెండో డివిజన్ కార్డిఫ్ మీద 3-2.

ఐదో రౌండ్‌లో లండన్‌లో టాటెన్‌హామ్. టెర్రీ ఆల్‌కాక్ గోల్‌తో నార్విచ్ ముందుకెళ్లింది, ఇంక గెలిచేశాం అనుకుంటున్న టైంలో చివరి నిమిషంలో క్లిఫ్ జోన్స్ సమం చేశాడు. మామూలుగా అయితే అక్కడితో చిన్న టీమ్ పని అయిపోయినట్టే, చేతికొచ్చింది జారిపోయాక మళ్లీ లేవడం కష్టం. కానీ నాలుగు రోజులకే క్యారో రోడ్‌లో బ్లై ఒక్క గోల్ కొట్టాడు, 1-0. ఆ టాటెన్‌హామే రెండేళ్ల తర్వాత లీగ్, కప్ రెండూ ఒకే సీజన్‌లో గెలిచింది.

ఆరో రౌండ్ షెఫీల్డ్‌లో. ఇక్కడ నెదర్‌కాట్ గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. రెండో సగంలో ఆయన భుజం పక్కకి తొలిగిపోయింది. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు, లీగ్‌లో ఆ రూల్ వచ్చిందే 1965లో. ఆయన బయటకెళితే పది మందితో ఆడాలి, ఇంకెవరో ఫీల్డ్ ప్లేయర్ గోల్‌లో నిలబడాలి. అందుకని ఒక చెయ్యి వేలాడుతుంటే, రెండో చేత్తోనే మ్యాచ్ అయ్యేదాకా గోల్ కాశాడు. 1-1. బుధవారం రీప్లేలో కొత్తగా వచ్చిన దక్షిణాఫ్రికా గోల్‌కీపర్ శాండీ కెనన్ నిలబడ్డాడు, బ్లై రెండు, బాబీ బ్రెనన్ ఒకటి, 3-2. నెదర్‌కాట్ మాత్రం నార్విచ్ మొదటి జట్టుకి మళ్లీ ఆడలేదు. నాలుగు వందల మ్యాచ్‌లకి పైగా ఆడిన మనిషికి ఆఖరి ఆట ఇలా ఒంటిచేత్తో ముగిసింది. గాయంతో ఆడించడం ఇప్పుడైతే ఏ డాక్టరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా, కానీ ఆ మనిషి ఓపికకి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో మాట. 2024-25 సీజన్ నుంచి ఎఫ్ఏ కప్ మొదటి రౌండ్ మొదలుకుని రీప్లేలు తీసేశారు. పెద్ద క్లబ్బులకి మ్యాచ్‌లు ఎక్కువైపోతున్నాయట. నాకు ఇది నచ్చలేదు. స్విండన్, టాటెన్‌హామ్, షెఫీల్డ్, ఈ మూడు చోట్లా నార్విచ్ డ్రా చేసుకుని సొంతూరికి తెచ్చి గెలిచింది. పెద్ద టీమ్‌ని మన ఊరికి రప్పించి, మన జనం ముందు ఆడించి, ఆ టికెట్ డబ్బుల్లో వాటా తీసుకోవడం చిన్న క్లబ్‌కి ఏడాదంతా గడిచేంత సాయం. అది తీసేశారు.

ప్ర: సెమీఫైనల్లో ఏమైంది? దురదృష్టమా? (విశాఖపట్నం)

జ: మార్చి 14న టాటెన్‌హామ్ గ్రౌండ్‌లో మొదటి డివిజన్ జట్టు లూటన్‌తో ఆడారు. అలన్ బ్రౌన్ లూటన్‌కి గోల్ కొడితే, బ్రెనన్ సమం చేశాడు. 18న బర్మింగ్‌హామ్‌లో రీప్లే, బిల్లీ బింగమ్ గోల్‌తో లూటన్ 1-0. దురదృష్టం అని నేననను, రెండు మ్యాచ్‌లలో కలిపి ఒక్క గోల్ తేడా, అంతే. లూటన్ ఫైనల్లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 2-1తో ఓడింది, అది కూడా ఫారెస్ట్ ఆటగాడు రాయ్ డ్వైట్ కాలు విరిగి ఆ జట్టులో పది మందే మిగిలినా. నార్విచ్ అభిమానులకి ఆ ఫైనల్ చూస్తుంటే ఎంత కడుపు మండి ఉంటుందో ఊహించుకోండి.

మూడో డివిజన్ నుంచి సెమీస్ చేరినవాళ్లు అంతకుముందు ముగ్గురే, 1937లో మిల్‌వాల్, 1954లో పోర్ట్ వేల్, 1955లో యార్క్ సిటీ. ఆ స్థాయి నుంచి ఫైనల్‌కి ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.

ప్ర: మరి లీగ్‌లో ఎలా ఆడారు? కప్ పిచ్చిలో ప్రమోషన్ పోగొట్టుకున్నారా? (కరీంనగర్)

జ: నాలుగో స్థానం. పైకి వెళ్లేది ఇద్దరే, ప్లిమత్ 62 పాయింట్లు, హల్ 61, నార్విచ్ 57. గెలిస్తే రెండే పాయింట్లు ఇచ్చే రోజులు. వారానికి రెండు మ్యాచ్‌లు, ఇంచుమించు అదే పదకొండు మంది, మధ్యలో లండన్, షెఫీల్డ్ ప్రయాణాలు, కాళ్లు అరిగిపోవా మరి? కప్ లేకపోతే హల్‌ని దాటడానికి కావాల్సిన ఐదు పాయింట్లు వచ్చేవేమో. కానీ నన్నడిగితే ఆ బేరం మంచిదే. మరుసటి ఏడాది 1959-60లో సౌతాంప్టన్ వెనక రెండో స్థానంలో నిలిచి ఎలాగూ పైకి వెళ్లారు.

ప్ర: ఆ ఆటగాళ్లకి బాగా డబ్బులొచ్చాయా? తర్వాత ఏమయ్యారు? (తెనాలి)

జ: ఎక్కడండీ. 1961 వరకు ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల జీతానికి పరిమితి ఉండేది, ఆ సీజన్‌లో వారానికి 20 పౌండ్లు దాటకూడదు, చార్ల్‌టన్‌కైనా బ్లైకైనా అదే రూల్. కప్‌లో 7 గోల్స్ కొట్టిన బ్లై 1960లో పీటర్‌బరో వెళ్లి, లీగ్‌లో వాళ్ల మొదటి సీజన్లోనే ఏకంగా 52 గోల్స్ కొట్టాడు. మెకాలే 1961లో వెస్ట్ బ్రామ్‌కి మేనేజర్‌గా వెళ్లిపోయాడు. ఆష్‌మన్ నార్విచ్‌కి మొత్తం 662 మ్యాచ్‌లు ఆడాడు, తర్వాత అదే క్లబ్‌కి మేనేజర్ కూడా అయ్యాడు. డిఫెన్స్ మధ్యలో గోడలా నిలబడ్డ బ్యారీ బట్లర్ 1966లో కారు ప్రమాదంలో చనిపోయాడు, 31 ఏళ్లే. నార్విచ్ అభిమానులు ఏటా తమ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది.