కొత్త కారులో చప్పుళ్లు, అదురు: ఏవి పట్టించుకోవాలి, ఎవరికి ఎలా చెప్పాలి?

అమెరికాకు వచ్చి మొదటిసారి కొత్త కారు కొన్నవారు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. ఇంత డబ్బు పోసి కొన్న బండి నెల తిరగకముందే ఎక్కడో టకటకమంటోంది, ఇది తయారీ లోపమా, ఊరుకోవచ్చా అని. కొందరు ప్రతి చిన్న చప్పుడుకూ కంగారుపడి డీలరు దగ్గరికి పరుగెడతారు. అంతకంటే ఎక్కువమంది మొహమాటం వల్లనో, సర్వీసుకు వెళ్తే ఏదో ఒక బిల్లు చేతిలో పెడతారన్న అనుమానం వల్లనో ఏడాది పాటు ఓర్చుకుని, ఉచితంగా సరిచేసే గడువు దాటిన తరువాత కదులుతారు. నా లెక్కలో ఈ రెండో పద్ధతి వల్లనే నష్టం ఎక్కువ.

కారణం ఏమిటంటే, వారంటీలోని అన్ని అంశాలకూ గడువు ఒకటే కాదు. ఎక్కువ కంపెనీల ప్రాథమిక వారంటీ 3 సంవత్సరాలు లేదా 36,000 మైళ్లు, ఏది ముందు వస్తే అంతవరకు. హ్యుందాయ్, కియా కంపెనీలు 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్ల వరకు ఇస్తాయి. అయితే తలుపు సరిగా కూర్చోకపోవడం, చక్రాల బ్యాలెన్స్, లోపలి కిర్రు చప్పుళ్లు వంటి చిన్న సర్దుబాట్లను మాత్రం చాలా కంపెనీలు మొదటి 12 నెలలు లేదా 12,000 మైళ్లకే పరిమితం చేస్తాయి, కొన్నిటిలో గడువు ఇంకా తక్కువ. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉండే వారంటీ పుస్తకంలో అడ్జస్ట్‌మెంట్ల గురించి ఉండే పేరా చదవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. కారు కొన్న వారంలోనే ఆ పని పూర్తిచేయండి.

ఇక చప్పుళ్ల విషయానికి వస్తే, వాటిలో చాలా భాగం లోపాలు కావు. ఉదయం బండి తీసి కొద్ది దూరం కదిలించగానే ముందు వైపు నుంచి ఒక్కసారి టక్కుమని వినిపిస్తే, అది ఏబీఎస్ బ్రేకుల వ్యవస్థ తనను తాను పరీక్షించుకోవడం కావచ్చు. వానలో తడిసి రాత్రంతా నిలిపి ఉంచిన కారు మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే, డిస్కుల మీద పట్టిన పలుచని తుప్పు పొర రాలిపోతున్నదని అర్థం. టొయోటా వంటి కొన్ని కార్లలో, ఇంజిన్ ఆపిన సుమారు 5 గంటల తరువాత, పెట్రోలు ఆవిరి ఎక్కడైనా లీకవుతోందేమో చూసే పంపు దానంతట అదే కొన్ని నిమిషాలు పనిచేస్తుంది. అర్ధరాత్రి గ్యారేజీలో నుంచి ఆ శబ్దం విని, ఎవరో బండి తీస్తున్నారని భయపడేవారు ఉంటారు. హైబ్రిడ్, విద్యుత్ కార్లు నెమ్మదిగా వెళ్లేటప్పుడు వచ్చే సన్నని రొదను కేంద్ర భద్రతా నియమమే తప్పనిసరి చేసింది. గంటకు 30 కిలోమీటర్లు, అంటే సుమారు 19 మైళ్ల వేగం వరకు, పాదచారులకు వినపడేందుకే ఆ ఏర్పాటు. హైవే మీద వెనుక అద్దం ఒక్కటే దించినప్పుడు చెవులు అదిరేలా వచ్చే దబదబ కూడా గాలి చేసే పనే. ముందు అద్దం ఒకటి కొద్దిగా దించితే తగ్గిపోతుంది.

ఇవి కాక మిగిలిన లొడలొడ చప్పుళ్లలో చాలా వాటికి మనం పెట్టుకున్న వస్తువులే మూలం. డీలరుకు ఫోను చేసే ముందు కారును పూర్తిగా ఖాళీ చేయండి. కప్పు హోల్డర్లలోని చిల్లర, తలుపు అరల్లోని సీసాలు, కళ్లద్దాల పెట్టె, పిల్లల సీటు, డాష్‌క్యామ్ తీగ, తాళంచెవి గుత్తి, ఏదీ మిగలకూడదు. ఎవరూ కూర్చోని సీటు బెల్టు బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌కు తగలడం, వెనుక సీట్ల హెడ్‌రెస్టులు పూర్తిగా కిందికి దిగకపోవడం, ట్రంక్ అడుగున జాకీ బిగుతుగా లేకపోవడం, నంబరు ప్లేటు ఫ్రేము వదులుగా ఉండడం అనే నాలుగింటిని నేను మొదట చూస్తాను. ఖాళీ కారులో కూడా చప్పుడు వస్తే, మరొకరు నడుపుతుండగా మీరు పక్కన కూర్చుని, అదే గతుకుల దారిలో ఒక్కొక్క ప్యానెల్‌ను అరచేత్తో నొక్కుతూ వెళ్లండి. ఎక్కడ నొక్కినప్పుడు చప్పుడు ఆగిందో అక్కడే, లేదా దానికి దగ్గరలోనే, మూలం ఉంటుంది. చలికి ప్లాస్టిక్ కుంచించుకుంటుంది కాబట్టి, చలి ఉదయాల్లో వినిపించి, హీటరు వేసి లోపల వెచ్చబడిన తరువాత మాయమయ్యే చప్పుళ్లు ఉంటాయి; అందువల్ల చప్పుడుతో పాటు ఆనాటి వాతావరణాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

దొరికిన చోట చిన్న ఫెల్టు టేపు ముక్క అంటించడం, తలుపుల రబ్బరుకు సిలికాన్ లూబ్రికెంట్ పలుచగా పూయడం ఎవరైనా చేసుకోగల పనులు. పెట్రోలియం కలిసిన నూనెలు రబ్బరును పాడుచేస్తాయి కనుక అవి వద్దు. వీడియో చూసి, తలుపుల మధ్య స్తంభాల మీది ప్లాస్టిక్‌ను గాని, పైకప్పు అంచులను గాని ఊడదీయడం అసలే వద్దు, ఎందుకంటే వాటి వెనుక ఎయిర్‌బ్యాగులు, వాటి తీగలు ఉంటాయి.

అదురు విషయం వేరు. చప్పుడు చికాకు మాత్రమే కావచ్చు గాని, అదురుకు కారణం చక్రాల్లోనో బ్రేకుల్లోనో ఉండవచ్చు. కొత్త కార్లలో ముందుగా చూడవలసింది టైర్లలో గాలి. రవాణాలో టైర్లలో గాలి ఎక్కువగా నింపి ఉంచుతారు, డెలివరీకి ముందు దానిని తగ్గించాల్సింది డీలరే. అక్కడ మరిచిపోతే బండి ప్రతి గతుకుకూ ఎగిరెగిరి పడుతుంది. డ్రైవరు తలుపు చట్రం మీద ఉండే స్టిక్కరులోని అంకెను చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి; టైరు పక్కగోడ మీద ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. చాలా రోజులు డీలరు లాటులో కదలకుండా నిలిచిన కారు టైర్లు నేలకు ఆనిన చోట కాస్త చదునవుతాయి. ఆ అదురు సాధారణంగా కొన్ని మైళ్లు నడిచి టైర్లు వేడెక్కగానే పోతుంది.

అలా పోని అదురు గంటకు 50 నుంచి 70 మైళ్ల మధ్య మొదలై, ఆ వేగానికి అటూ ఇటూ తగ్గుతుంటే, చక్రాల బ్యాలెన్స్‌ను అనుమానించాలి. స్టీరింగ్ చేతిలో వణికితే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనుక చక్రాలు అన్నది స్థూలమైన గుర్తు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులను చూడాలి. బండి నిలిపి, పార్క్‌లో ఉంచి, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కినప్పుడు కూడా అదే అదురు వస్తే చక్రాలకు సంబంధం లేదు, ఇంజిన్ వైపో ఎగ్జాస్టు వైపో చూడాలి. మామూలు బ్యాలెన్స్ చేసినా తగ్గకపోతే, టైరును బరువు కింద తిప్పి చూసే రోడ్ ఫోర్స్ పరీక్ష చేయమని అడగండి. చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటూ బండి వణికినా, చక్రం దగ్గర కొట్టుకుంటున్నట్టు అనిపించినా, స్టీరింగ్ ఒక పక్కకు లాగినా, మరో మైలు పోకుండా సురక్షితమైన చోట ఆపి రోడ్‌సైడ్ సహాయానికి ఫోను చేయాలి.

సర్వీసు అడ్వైజరుతో "ఏదో సౌండ్ వస్తోంది" అని మాత్రమే చెప్పి తాళాలు ఇచ్చి వస్తే, సాయంత్రానికి చప్పుడు మాకు వినిపించలేదన్న కాగితమే చేతికొస్తుంది. ఏ వేగంలో, ఎలాంటి రోడ్డు మీద, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, మలుపులోనా బ్రేకుకా, ఏ వైపు నుంచి అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి ఇవ్వండి. వీడియో తీస్తే పక్క సీటులోని వారే తీయాలి. ఇంగ్లీషులో చెప్పడానికి తడబడేవారికి ఈ కాగితం మరింత ఉపయోగం. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు వచ్చే దారిలో తిప్పి చూపించే అవకాశం అడిగితే, చాలాచోట్ల ఒప్పుకుంటారు. కారణం వారంటీకి సంబంధం లేనిదని తేలితే పరీక్షకు రుసుము ఉంటుందా అని మాత్రం ముందే అడగాలి.

వెళ్లే ముందు, కేంద్ర రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో మీ కారు 17 అక్షరాల విన్ నంబరు, అంటే వాహన గుర్తింపు సంఖ్య వేసి, రీకాల్ (భద్రతా లోపాన్ని సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఏదైనా ఉందేమో చూడండి. అదే సైటులో మీ మోడల్ గురించి కంపెనీ డీలర్లకు పంపిన సాంకేతిక బులెటిన్లు కూడా దొరుకుతాయి. మీ చప్పుడు వాటిలో ఒకదానితో సరిపోతే, ఆ బులెటిన్ నంబరు చెప్పగానే సంభాషణ తీరే మారిపోతుంది. ఆయిలు బయట మార్పించారు కాబట్టి వారంటీ చెల్లదని ఎవరైనా అంటే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆ ఒక్క కారణంతో నిరాకరించడం కుదరదు. రసీదులు మాత్రం దాచుకోవాలి.

లెమన్ లా, అంటే పదేపదే మరమ్మతు చేసినా బాగుపడని కొత్త కారు కొన్నవారికి రక్షణనిచ్చే చట్టం సంగతి కూడా చాలామంది అడుగుతారు. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగు సార్లు మరమ్మతు చేసినా, కారు మొత్తం 30 రోజులకు మించి షెడ్డులో ఉన్నా, అది చట్టం కిందికి వస్తుందని ప్రాథమికంగా భావిస్తారు. కానీ ఆ లోపం కారు వాడకాన్నో, విలువనో, భద్రతనో గణనీయంగా దెబ్బతీసేదై ఉండాలి. డాష్‌బోర్డు కిర్రుమనడం ఆ స్థాయికి రాదు. తగ్గని అదురు రావచ్చు. అందుకే లోపం దొరకకపోయినా సరే, వెళ్లిన ప్రతిసారీ తేదీ, మైళ్లు, మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే ఉన్న రిపేర్ ఆర్డర్ నకలు తీసుకోకుండా బయటికి రావద్దు.

డీలరు "ఈ మోడల్‌కు ఇది మామూలే" అంటే, వాదించకుండా, లాటులో ఉన్న అదే మోడల్, అదే ఇంజిన్ కారును అదే దారిలో నడిపి చూస్తానని అడగండి. ఆ బండి కూడా అలాగే పలికితే ఒప్పుకోక తప్పదు. పలకకపోతే ఆ సంగతి రిపేర్ ఆర్డర్‌లో రాయించండి. అప్పటికీ పని జరగకపోతే అదే కంపెనీకి చెందిన మరో డీలరు దగ్గరికి తీసుకెళ్లండి, కొన్నది ఎక్కడైనా వారంటీ పని వారూ చేస్తారు.