తెచ్చిన వస్తువుతో పారిపోయే లాబ్రడార్ కుక్కపిల్ల: నా సమాధానం

మీ నాలుగు నెలల లాబ్రడార్ విసిరిన బంతిని నోట కరుచుకుని, మీ దగ్గరకు రాకుండా పటమటలోని మీ పెరడంతా పరుగెడుతోందని రాశారు. దాని వెంట పడటం ఈరోజే మానేయండి. మీరు తరిమితే అదే దానికి ఇష్టమైన ఆట అయిపోతుంది.

తలుపులు మూసిన ఇరుకైన నడవాలో మొదలుపెట్టండి. బంతి వద్దు, చుట్టచుట్టిన పాత సాక్సు చాలు. అది నోట పట్టగానే పేరు పెట్టి పిలుస్తూ మీరే వెనక్కి నడవండి. రాగానే నోట్లోది లాక్కోకండి! చాలామంది కొత్తవాళ్లు చెడగొట్టేది ఇక్కడే. ముందు ఛాతీ నిమరండి, కాసేపు దాన్ని పట్టుకోనివ్వండి. తర్వాత ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్క చూపిస్తే తనే వదులుతుంది. రోజుకు నాలుగుసార్లు విసిరితే చాలు, ఇంకా ఆడాలని ఉండగానే ఆపండి. పాలపళ్లు ఊడే వయసు కదా, చిగుళ్లు నొప్పిగా ఉంటే కొన్నాళ్లు ఆపినా నష్టం లేదు.

నడవాలో కుదిరాక మైదానంలో పొడవాటి తాడు కట్టి చేయించండి. మన బెజవాడ ఎండలో మాత్రం తెల్లవారుజామునే. కాలువల్లోకి అప్పుడే దింపకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, టీకా సంగతి పశువైద్యుణ్ని అడగండి.

దీన్ని బాతుల వేటకు తీసుకెళ్లవచ్చా అని కూడా అడిగారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొల్లేటి బాతులను వేటాడటం నేరం. నీటిలో తేలే గుడ్డ బొమ్మను తెచ్చినా మీ కుక్కపిల్లకు అంతే సంబరం.